హోల్డ్‌లకు మెట్రోనోమ్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఎల్-సిట్ (చేతుల మీద ఒంటిని లేపి కాళ్లు ముందుకి చాచడం), ఫ్రంట్ లీవర్ (వెల్లకిలా వేలాడుతూ ఒంటిని నేలకి సమాంతరంగా ఉంచడం), ప్లాంష్ (పాదాలు ఆనకుండా చేతుల మీదే ఒంటిని నేలకి సమాంతరంగా నిలపడం) లాంటి హోల్డ్‌లు, అంటే ఒకే భంగిమలో కదలకుండా పట్టే వ్యాయామాలు, చేసేవాళ్లకి ముందే తేల్చి చెప్పేస్తాను. సెకన్లు కొలవడానికి నేను వాడిన వాటన్నిటిలో బాగా పనిచేసింది సంగీతం నేర్చుకునేవాళ్లు వాడే మామూలు మెట్రోనోమ్ యాప్. నిమిషానికి 60 అని పెడితే సెకనుకో బీప్ కొడుతూ ఉంటుంది. స్టాప్‌వాచ్, ఇంటర్వెల్ టైమర్, స్మార్ట్‌వాచ్, గోడ గడియారం, వీడియో, పక్కన నిలబడి లెక్కపెట్టే మనిషి, అన్నీ ఏళ్ల తరబడి వాడాను, కొన్ని ఇప్పటికీ వాడుతున్నాను. కానీ 30 సెకన్ల లోపు హోల్డ్‌కి మెట్రోనోమ్‌ని మించింది నాకు దొరకలేదు. ఎందుకో, ఎలా వాడాలో, ఎక్కడ విసిగిస్తుందో వివరంగా రాస్తున్నాను.

ఒకటి రెండు సెకన్ల తేడాకి ఇంత పట్టింపు దేనికి అనిపించొచ్చు. నిమిషం పాటు ప్లాంక్ పట్టేవాళ్లకి నిజంగానే అక్కర్లేదు. 60లో 2 తేడా వస్తే మూడు శాతం. మోకాళ్లు ఛాతీ వైపు ముడిచి చేసే టక్ ప్లాంష్ 8 సెకన్లు పట్టే మనిషికి అవే 2 సెకన్లు పావు వంతు. జిమ్నాస్టిక్స్ పోటీల్లో రింగ్స్ మీద చేతులు పక్కలకి చాచి పట్టే క్రాస్ లాంటి హోల్డ్‌ని కనీసం 2 సెకన్లు కదలకుండా పట్టాలి, తగ్గితే జడ్జీలు మార్కులు కోస్తారు. 1953లో జర్మనీలో హెటింగర్, ముల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రోజుకి ఒక్కసారి, 6 సెకన్ల బిగింపుతో బలం పెరుగుతుందని చూపించారు. పెరుగుదల వాళ్లు చెప్పినంత వేగంగా ఉంటుందన్న మాట తర్వాతి పరిశోధనల్లో నిలబడలేదు గానీ, ఐసోమెట్రిక్ (కదలిక లేకుండా కండరాన్ని బిగించి ఉంచే) వ్యాయామం మీద అందరి దృష్టీ పడింది ఆ తర్వాతే. ఈ సాధనలో మనం చేసే పనంతా ఇలా చిన్న చిన్న అంకెల్లోనే నడుస్తుంది.

హోల్డ్‌ల శిక్షణ మామూలుగా ఎలా సాగుతుందంటే, ముందు గరిష్ఠంగా ఎన్ని సెకన్లు పట్టగలమో చూసుకుంటాం. అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఒక సెట్‌కి (ఒక విడతకి) తీసుకుంటాం. అలాంటి సెట్లన్నీ కలిపి మొత్తం ఒక నిమిషం వచ్చేలా చేస్తాం. మొదటి అంకె తప్పితే దాని మీద కట్టుకున్నవన్నీ తప్పుతాయి.

స్టాప్‌వాచ్ నొక్కి పొజిషన్‌లోకి వెళ్లడానికి, కిందికి దిగి ఆపడానికి కలిపి 4 సెకన్లు పోతాయనుకోండి. ఒకరి అసలు గరిష్ఠం 9 సెకన్లయితే వాచీ 13 చూపిస్తుంది. అందులో 60 శాతం అంటే దాదాపు 8. ‘రోజూ అదే వాచీ, రెండు చోట్లా అదే తప్పు, కాబట్టి చెల్లుకు చెల్లు’ అని చాలామంది వాదిస్తారు. చెల్లదు. ఆపేసరికి వాచీలో 8 ఉంటే అసలు పట్టింది 4. తొమ్మిదికి నాలుగంటే సగం కూడా కాదు. వాచీ లెక్కన 60 సెకన్లు పూర్తయ్యేసరికి కండరం నిజంగా పనిచేసింది 30 సెకన్లు. నెలల తరబడి చేస్తున్నా ఎదుగుదల లేదని బాధపడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. మధ్యలో టైమర్ మార్చితే కథ తిరగబడుతుంది. గరిష్ఠం పాత పద్ధతిలో 13 అని రాసుకుని, సెట్లు మాత్రం కచ్చితంగా కొలిచి 8 చొప్పున పట్టారంటే ప్రతి సెట్టూ అసలు గరిష్ఠానికి ఒక్క సెకను దూరంలో ఉంటుంది. రెండో మూడో సెట్టుకే ఫామ్ (సరైన భంగిమ) పోతుంది. మోచేతులు పూర్తిగా చాచి పట్టే ప్లాంష్, బ్యాక్ లీవర్ (బోర్లా వేలాడుతూ ఒంటిని సమాంతరంగా ఉంచడం) లాంటి వాటిలో ఆ భారం మోచేతి టెండన్ల (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీల) మీద పడుతుంది. టెండన్లు కండరాలంత త్వరగా గట్టిపడవు. ఒకసారి నొప్పి పట్టుకుందంటే తగ్గడానికి నెలలు పట్టొచ్చు.

ఇందులో గడియారం తప్పేమీ లేదు. వాచీలోని క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. నాసిరకం వాచీ అయినా నెలంతా తిరిగితే వచ్చే తేడా కొన్ని సెకన్లు, మహా అయితే అర నిమిషం. పది సెకన్ల హోల్డ్‌లో అది కంటికి ఆనేంత ఉండదు. తప్పంతా రెండు కొసల్లో ఉంటుంది. హోల్డ్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయిపోయింది, ఈ రెండింటినీ వేలితో మీట నొక్కి చెప్పాల్సి రావడమే చిక్కంతా.

ఎల్-సిట్‌నే తీసుకోండి. ఫోను పారలెట్ల (నేల మీద పెట్టే పొట్టి పట్టు కడ్డీల) పక్కన నేల మీద ఉంటుంది. చూపుడువేలితో స్టార్ట్ నొక్కాలి. వేలికి పట్టు జారకుండా పూసుకునే చాక్ పొడి అంటి ఉంటే స్క్రీన్ ఒక్కోసారి పట్టించుకోదు, చెమట తడి ఉంటే ఇంకెక్కడో నొక్కినట్టు తీసుకుంటుంది. ఆ చెయ్యి మళ్లీ పట్టు మీదకి రావాలి. మోచేతులు లాక్ అవ్వాలి, భుజాలు కిందికి దిగాలి, పాదాలు నేల వదలాలి, మోకాళ్లు తిన్నగా కావాలి, మడమలు తుంటి ఎత్తుకి చేరాలి. అప్పుడు గానీ అది ఎల్-సిట్ కాదు, ఈలోగా వాచీ మూడో సెకను దాటేస్తుంది. దిగేటప్పుడూ అంతే. మడమలు పడిపోయిన క్షణానికీ, వేలు స్టాప్‌ని తాకిన క్షణానికీ మధ్య జరిగేదంతా హోల్డ్ ఖాతాలో పడిపోతుంది. అలసట పెరిగేకొద్దీ ఈ దిగడం నిదానిస్తుంది కాబట్టి చివరి సెట్లలో లెక్క ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది.

ఇంటర్వెల్ టైమర్లు ఈ చిక్కుని సగం తీర్చాయి. ముందుగా ఐదో పదో సెకన్ల కౌంట్‌డౌన్ ఇచ్చి, బీప్ కొట్టి, హోల్డ్ సమయం అయ్యాక మళ్లీ బీప్ కొడతాయి. చేత్తో పనిలేదు. కానీ రింగ్స్ ఊగుతున్నాయా, పట్టు సరిగ్గా కుదిరిందా అని టైమర్ చూడదు కదా. దాని కౌంట్‌డౌన్ దానిది. బీప్ వచ్చేసరికి మనం సర్దుకుంటూ ఉంటే మొదటి రెండు సెకన్లు ఊరికే పోతాయి, ముందే సర్దుకుని కూర్చుంటే రెండు సెకన్లు లెక్కలోకి రాకుండా అదనంగా మోస్తాం. దీనికంటే నాకు పెద్ద ఇబ్బంది అనిపించింది చివరి బీప్. అది వచ్చేదాకా ఎలాగోలా నెట్టుకురావాలన్న పట్టుదల పుట్టుకొస్తుంది. తుంటి కిందికి జారుతున్నా, మోచేతులు వంగుతున్నా, ఇంకో రెండు సెకన్లే కదా అని వేలాడుతూ ఉంటాం. ఆ రెండు సెకన్లు అసలు ఆ హోల్డ్‌వే కావు. ఐసోమెట్రిక్ బలం ఏ కోణంలో పట్టామో ప్రధానంగా ఆ కోణం చుట్టుపక్కలే పెరుగుతుంది. ఫ్రంట్ లీవర్‌లో ఒళ్లు నేలకి సమాంతరంగా ఉండాల్సింది పోయి ఏటవాలుగా జారిందంటే, మనం ఇంకో తేలికైన వ్యాయామం చేస్తున్నట్టే.

మెట్రోనోమ్ ఈ రెండు కొసల సమస్యనీ తలకిందులు చేసింది. అది మన కోసం మొదలవదు, మన కోసం ఆగదు. సెషన్ మొదట్లో ఒకసారి పెట్టేస్తే కొడుతూనే ఉంటుంది. మనం తీరిగ్గా పొజిషన్‌లోకి వెళ్తాం. అంతా సరిగ్గా కుదిరిందని తెలిసిన తర్వాత వచ్చే మొదటి బీప్ దగ్గర లెక్క మొదలుపెడతాం. ఫామ్ చెదిరిందని తెలిసిన క్షణాన, దానికి ముందు విన్న చివరి బీప్ దగ్గర లెక్క ఆపుతాం. ఫామ్ చెదరడం వెంటనే పసిగడితే, దీంతో వచ్చే అంకె అసలు సమయం కంటే రెండు సెకన్ల లోపు తక్కువ ఉండొచ్చు గానీ ఎక్కువ మాత్రం ఉండదు. తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుందనే భరోసా వల్లే నేను దీని మీద ఇంతగా ఆధారపడుతున్నాను. పుస్తకంలో 8 అని రాసి ఉంటే, కనీసం 8 పట్టినట్టే.

ఒక్కటి మాత్రం జాగ్రత్తగా పట్టుకోవాలి. మొదటి బీప్‌కి ‘ఒకటి’ అనకూడదు, ‘సున్నా’ అనాలి. రెండు బీప్‌ల మధ్య ఉన్న ఖాళీయే సెకను. మొదటి బీప్‌కే ఒకటి అంటే పది లెక్కపెట్టేసరికి గడిచింది తొమ్మిది సెకన్లే. సున్నా అనడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, కొన్నాళ్లకి నోటికి అలవాటైపోతుంది.

చాలా మెట్రోనోమ్ యాప్‌లలో తాళం వరస మార్చుకోవచ్చు. దాన్ని ఐదు దెబ్బలకి పెడితే ప్రతి ఐదు బీప్‌ల వరసలో మొదటిది వేరే స్వరంతో, కాస్త పదునుగా మోగుతుంది. నాకు బాగా కలిసొచ్చిన సర్దుబాటు ఇది. పదును బీప్‌ని సున్నాగా తీసుకుంటే తర్వాతి పదును బీప్ 5, ఆ తర్వాతిది 10, ఆపైది 15. మధ్యలో లెక్క తప్పినా ఇబ్బంది లేదు, పదును బీప్‌లు గుర్తుంటే చాలు. అయితే పొజిషన్‌లో ఉండి పదును బీప్ కోసం ఎదురుచూడకూడదు. ప్లాంష్‌లో నాలుగు సెకన్లు ఎదురుచూడటమంటే సగం సెట్టు వృథా అయినట్టే. వరసలో నాలుగో బీప్‌కి పాదాలు లేపితే ఐదోదానికి ఒళ్లు సర్దుకుంటుంది, పదును బీప్ దగ్గర సున్నా పడుతుంది. ఇది వారం పది రోజుల్లో ఒంటికి పట్టేస్తుంది. రింగ్స్ మీద సర్దుకోవడానికి ఇంకాస్త సమయం కావాలి కాబట్టి రెండో బీప్‌కే మొదలుపెడతాను.

లెక్క పైకి అనడం మంచిది, కనీసం గుసగుసగా. బిగించి పట్టే ప్రతి హోల్డ్‌లోనూ ఊపిరి బిగబట్టాలనిపిస్తుంది. బరువు ఎక్కువైనకొద్దీ మరీను. ఊపిరి బిగబట్టి కండరాలు బిగిస్తే రక్తపోటు అమాంతం పెరుగుతుంది. అంకెలు పైకి అంటుంటే గాలి బయటికి పోతూనే ఉంటుంది. అంకె పలకడానికి గొంతు రావడం లేదంటే ఊపిరి ఆగిపోయిందని అర్థం, అక్కడితో సెట్టు ముగించడం మంచిది. బీపీ ఉన్నవాళ్లు ఈ రకం వ్యాయామాలు మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగాలి, అందులో మొహమాటం వద్దు.

బీప్ ఎందుకు, మనసులో లెక్కపెట్టుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లకి ఒక పరీక్ష చెబుతాను. మీకు కష్టమైన హోల్డ్ ఒకటి పడుతూ మనసులో పది లెక్కపెట్టండి, ఫోన్‌లో వీడియో తీసి చూసుకోండి. తాపీగా కూర్చుని లెక్కపెట్టినప్పుడు పది అంటే పదికి దగ్గరగానే వస్తుంది. భుజాలు వణుకుతున్నప్పుడు నా పది ఏడు ఎనిమిది సెకన్లకే అయిపోతుంది. మొదటి అంకెలు నిదానంగా, చివరివి గబగబా. ఒంటి మీద భారం ఉన్నప్పుడు సెకను సాగినట్టు అనిపిస్తుంది, దాన్ని దాటేయాలని మనసు తొందరపెడుతుంది. రోజూ ఒకే రకంగా తొందరపెట్టినా సర్దుకోవచ్చు, అలా కూడా ఉండదు. నిద్ర సరిగ్గా లేని రోజు ఒక రకం, ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజు ఇంకో రకం.

సాంకేతికంగా తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. మెట్రోనోమ్ విషయంలో దానివల్ల నష్టం లేదు, ప్రతి బీపూ అంతే ఆలస్యంగా వస్తుంది కాబట్టి రెండింటి మధ్య దూరం మారదు. ఇంటర్వెల్ టైమర్‌కి మాత్రం ఇవే ఇయర్‌ఫోన్లు ఇబ్బంది పెట్టాయి. ఎప్పుడో ఒకసారి బీప్ కొడితే, అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న ఇయర్‌ఫోన్లు మేలుకునేలోపు ఆ బీప్ మొదటి భాగం మాయమైపోతుంది. పొట్టి బీప్ అయితే మొత్తమే వినపడదు. ఫోన్ బ్యాటరీ పొదుపు సెట్టింగు వల్ల స్క్రీన్ ఆగిపోగానే కొన్ని యాప్‌లు మూగబోతాయి. ఆ యాప్‌ని పొదుపు నుంచి మినహాయించాలి, లేదా స్క్రీన్ వెలిగేలా ఉంచుకోవాలి. నోటిఫికేషన్లు ఆపేయండి, హోల్డ్ మధ్యలో మెసేజ్ శబ్దం వస్తే బీప్ ఏదో అది ఏదో తెలియదు. జిమ్‌లో పాటల హోరు ఉంటే మెత్తటి స్వరాలు కలిసిపోతాయి. చెక్క మీద కొట్టినట్టు టక్కున వినిపించే పొడి శబ్దం ఎంచుకుంటే హోరులోనూ తెలుస్తుంది. వైబ్రేషన్‌తో కొట్టే మెట్రోనోమ్ కూడా స్మార్ట్‌వాచ్‌లో ప్రయత్నించాను. మణికట్టు మీద ఒళ్లంతా మోపి ఉన్నప్పుడు ఆ కంపన నాకు సరిగ్గా తెలియలేదు.

స్మార్ట్‌వాచ్ గురించే ఇంకో మాట. అరచేయి నేలకి ఆనించి పట్టే ప్లాంక్, ప్లాంష్, హ్యాండ్‌స్టాండ్‌లలో మణికట్టు వెనక్కి వంగుతుంది. అప్పుడు చేతి వెనక భాగం వాచీ పక్క బటన్‌ని నొక్కేస్తుంది. హోల్డ్ మధ్యలో టైమర్ ఆగిపోవడం, వాయిస్ అసిస్టెంట్ లేచి మాట్లాడటం నాకు మామూలైపోయాయి. వాచీని తిప్పి బటన్ మోచేతి వైపు వచ్చేలా కట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది. అయినా సమయం చూడ్డానికి తల తిప్పాలి. ప్లాంక్‌లో మెడ తిప్పితే పెద్ద నష్టం లేదు గానీ హ్యాండ్‌స్టాండ్‌లో తల కదిపితే సమతౌల్యం పోతుంది. కంటితో చూడాల్సిన ఏ గడియారానికైనా ఇదే ఇబ్బంది.

గోడ గడియారాన్ని మాత్రం తీసిపారేయకండి. సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమంటూ అడుగులేసే రకం అయితే అది దానంతటదే మెట్రోనోమ్. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది చాలు. ముల్లు చప్పుడు లేకుండా జారుతూ తిరిగే రకం దీనికి పనికిరాదు.

వీడియోని నేను జడ్జీగా ఉంచుకున్నాను. రోజూ తీయను, కొత్త గరిష్ఠం చూసుకునే రోజున పక్క నుంచి తీస్తాను. సెకనుకి 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక్కో ఫ్రేముకి 0.033 సెకను. ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ పోతే మడమలు ఏ క్షణాన లేచాయో, తుంటి ఏ క్షణాన జారిందో స్పష్టంగా తెలుస్తుంది. వీడియోతో పోల్చినప్పుడు నా మెట్రోనోమ్ లెక్క సాధారణంగా ఒక సెకను తక్కువ వస్తుంది. ఎక్కువ వచ్చినప్పుడల్లా కారణం ఒకటే, ఫామ్ చెదిరిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వీడియోతో అసలు లాభం అదే అనిపిస్తుంది. లోపలి నుంచి తిన్నగా ఉన్నట్టు తోచే ఒళ్లు బయటి నుంచి అలా ఉండదు. ఫ్రంట్ లీవర్‌లో ముందు జారేది తుంటి, అది వెంటనే తెలియదు. భుజాల వెనక బిగువు సడలడం మాత్రం తెలుస్తుంది, అది తుంటి జారడానికి కాస్త ముందే జరుగుతుంది. ఇప్పుడు నేను ఆ సడలింపునే ముగింపుగా తీసుకుంటున్నాను. హాలో హోల్డ్‌లో (వెల్లకిలా పడుకుని భుజాలూ కాళ్లూ లేపి పట్టడం) అయితే నడుము నేల నుంచి లేచిన క్షణం, రింగ్ సపోర్ట్‌లో (రింగ్స్ మీద తిన్నటి చేతులతో ఒంటిని మోయడం) మోచేతులు వంగినా, పట్టీలు చేతులకి ఆనినా ఆ క్షణం. ఏ హోల్డ్‌కి ఏది ముగింపో మొదలుపెట్టే ముందే తేల్చుకుని రాసుకోవాలి. పట్టేటప్పుడు తేల్చుకుందామంటే అప్పుడు మనసు మనకి అనుకూలంగానే తీర్పు చెబుతుంది.

పక్కన మనిషి ఉంటే? చప్పుడు విని, కదలిక చూసి మీట నొక్కడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది, అది లెక్కలోకి రాదు. కానీ మనవాళ్లకి మన మీద అభిమానం ఎక్కువ. ఇంకొక్క సెకను, ఇంకొక్క సెకను అంటూ ప్రోత్సహిస్తారు, ఆపేటప్పుడు చెయ్యి ఆగుతుంది. అందుకని సమయం సంగతి మెట్రోనోమ్‌కి వదిలేసి, ఫామ్ చెదరగానే ‘చాలు’ అనే పని వాళ్లకి అప్పజెబితే బ్రహ్మాండంగా కుదురుతుంది.

మెట్రోనోమ్‌తో ఇబ్బందులు లేకపోలేదు. సెషన్ అంతా టక్కు టక్కుమంటుంటే ఇంట్లో మిగతావాళ్లకి చిరాకు, ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. సెట్ల మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతికి ఇది పనికిరాదు, దానికి నేను ఇంటర్వెల్ టైమర్ వాడతాను, ఆ పనిలో అది చాలా బాగుంటుంది. 40 సెకన్లు దాటిన హోల్డ్‌లలో ఐదుల లెక్క కూడా గజిబిజి అవుతుంది. అన్నిటికంటే పెద్ద లోటు హ్యాండ్‌స్టాండ్‌లో. అక్కడ ఒళ్లు నిలకడగా ఉండదు, వేళ్లు, అరచేతి మడమ మారుతూ మారుతూ నొక్కుతుంటేనే నిలబడుతుంది. సెకనుకో బీప్ వినిపిస్తుంటే ఆ సవరణలు బీప్‌ల తాళానికి లొంగిపోతున్నట్టు నాకు అనిపించింది, పట్టు చెదిరింది. హ్యాండ్‌స్టాండ్‌కి మాత్రం వీడియో తప్ప వేరేది వాడను. పాదాలు గోడ వదిలినప్పుడు మొదలు, అరచేయి ఉన్నచోటు నుంచి కదిలితే ముగింపు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి కొన్ని వారాల పాటు ఇదంతా వద్దంటాను. పొజిషన్ ఏమిటో ఒంటికి తెలియనప్పుడు లెక్క మీద ధ్యాస పెడితే ఫామ్ గాలికి పోతుంది. ముందు పొజిషన్ కుదరనివ్వండి. కుదిరాక వీడియోతో ఒకసారి గరిష్ఠం చూసుకుని, మెట్రోనోమ్‌తో సెట్లు మొదలుపెట్టండి. ప్రతి సెట్టుకీ విన్న పూర్తి సెకన్లే రాసుకోండి, అరలూ పావులూ వద్దు. అన్ని సెట్లలోనూ అనుకున్న సెకన్లు ఫామ్ చెదరకుండా వరసగా రెండు మూడు సెషన్లు వచ్చాకే ఒక సెకను పెంచండి. డెడ్ హ్యాంగ్ (బార్‌కి వేలాడటం), వాల్ సిట్ (గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు ఉండటం), ప్లాంక్ మాత్రమే చేస్తూ నిమిషాల్లో లెక్కపెట్టుకునేవాళ్లకి మెట్రోనోమ్ అవసరమే లేదు, ఫోన్‌లో ఇప్పటికే ఉన్న టైమర్ చాలు.